తేమ శాతం

నాచారానికి సముద్రం లారీల వస్తది.
తెల్లారి నాలుగింటికి, టార్పాలిన్ కింద.
హబ్సిగూడ చౌరస్తా దాటంగనే వాసన పడ్తనంటడు
లోడింగ్ షబ్బీర్. నేను నమ్మ.
నాకైతే సంచి విప్పితేనే వాసన.

ఎండిన నాచు.
కొంత బెల్లం రంగు, కొంత ముదిరిన వంకాయ రంగు,
మీద బూడిద చల్లినట్టు ఉప్పు.
పిడికెడు తీసి తూకమేస్త,
నూటైదు డిగ్రీల ఓవెన్ల పెడ్త,
మళ్ల తూకమేస్త.
తగ్గిన బరువే తేమ.
ముప్పై అయిదు దాటితే ఎర్ర ముద్ర.
పద్నాలుగేండ్ల సంది ఇదే నౌకరి.
సముద్రంల ఇంకెన్ని నీళ్లు మిగిలినయో లెక్కజెప్పే నేను
సముద్రాన్ని చూసింది ఒక్కపారి,
అది గుడ బస్సు కిటికీల నుంచి.

దీన్ని పొటాష్ నీళ్లల్ల ఉడకబెట్టి, వడబోసి,
తెల్లటి పొడి చేస్తరు.
ఆ పొడి చిటికెడు పడితే చాలు,
తార్నాక బేకరీల మా చిన్నోడు స్ట్రా పెట్టి పీల్చే డబ్బాల
కోకో అడుగుకు దిగదు.

మొన్న రెండువందల పన్నెండో సంచి.
తేమ నలభై ఒకటి.
ముద్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.
సంచి మూతికాడ మార్కర్ రాత:
ఒక ఫోన్ నంబరు, ‘గనగళ్ళ అప్పలకొండ,
గట్టిగా మాటాడాలి.’

గట్టిగనే మాట్లాడిన.
“ఓలమ్మ! ఐదరాబాదా? మా సరుకు అంత దూరమెల్లిందేటి?”
తడి ఎక్కువున్నదన్న.
“వానొచ్చేసింది మరి. ఇసక మీద ఆరబెడతాం.
బల్లలేయిస్తామని మీవోలే ఒచ్చేరు.
నా ఫొటో తీసుకుని ఎల్లేరు.
బల్లలు రానేదు.”

మా ఆఫీసుల, సోఫా వెనక, గోడంత ఫొటో.
వెదురు తెప్ప మీద నడుముదాక నీళ్లల్ల ఒకామె,
కింద ‘సుస్థిర సాగు, సుస్థిర భవిత’.
ఈమెనే కావొచ్చు. వేరే ఆమె కావొచ్చు.
అడగలే.

ఆమెనే చెప్పుకుంట పోయింది.
ఎండాకాలం నీరు కాగబెట్టినట్టుంటదట.
కొమ్మ ఐసు లెక్క తెల్లబడి
ముట్టుకుంటే పుటుక్కున ఇరుగుతదట.
“పదేళ్లయి అదే మొక్కని ముక్కలు సేసి కడతన్నామమ్మా.
ముసిల్దయిపోయింది. మనిసికైనా అంతే గదా.
కొత్త ఇత్తనం మాట మీ పుస్తకంల ఏటైనా ఉందా?”

మా పుస్తకంల తేమ ఉన్నది. ఇసుక శాతం ఉన్నది.

“ఇరవై ముళ్లకి మూడు ముళ్లు కొయ్యను.
మళ్లీ పంటకని ఒగ్గేస్తాను. మా ఆయన తిడతాడు.
తెగిన నైలాను తాళ్లు ఏరి గట్టున పడేస్తాను,
సేపలు మింగేత్తన్నాయి.
మరి మీ కాడ? మా నాచు వాడినాక ఆ నీలేటి సేత్తారు?”

లైను సరిగ లేదన్న.
లైను మంచిగనే ఉన్నది.
ఫ్యాక్టరీ వెనక తూము నుంచి
ఆ నీళ్లు నాలాలకు పోతయి,
నాలా ఒడ్డున రెండు గజాలు గడ్డి మొలవదు,
మల్లాపురం మేకలు గూడ అటు దిక్కు రావు.

ముద్ర కొట్టిన. నలభై ఒకటి నలభై ఒకటే.
కాని రిమార్క్స్ గడి ఉంటది, బొటనవేలంత,
నేనెప్పుడు అడ్డగీత కొట్టి వదిలేసేది.
ఆ దినం రాసిన: ఆరబెట్టనీకి బల్లలు లేవు. వాన.
విత్తనం పాతది. మన తూము కాడ గడ్డి లేదు.
అక్షరాలు పట్టలే,
మేనేజరు సంతకం గడిలకు పోయినయి.
ఆయన వాటి మీదనే సంతకం పెట్టిండు, చదవకుండ.

ఐతారం పొద్దుగాల ఫోను.
హలో గిలో ఏం లేదు, ఒకటే కేక:
“ఎండ కాసింది!”
పెట్టేసింది.

కిటికీ తీసి చూసిన.
నాచారం మీద మబ్బు.